ఇంజనుకు ఒక కుంపటి

వేసవి మధ్యాహ్నము ఏ కర్నూలు రోడ్డుననో, ఏ దేవరకొండ రోడ్డుననో పోతూ ఉంటే ఒక దృశ్యము మన కంట పడుతూ ఉంటుంది. పాత లారీ ఒకటి చెట్టు క్రింద ఆగి ఉంటుంది. బానెట్టు ఎత్తి ఉంటుంది. రేడియేటరు మూత నుండి ఆవిరి బుసబుస పొంగుతూ ఉంటుంది. క్లీనరు ఎక్కడినుండో డబ్బాతో నీళ్లు మోసికొని వస్తూ ఉంటాడు. ఇంజను అంటే వేడెక్కే వస్తువు అనీ, దానిని చల్లార్చడమే మన పని అనీ మనము చిన్ననాటి నుండి ఎరిగిన సంగతి.

గత సంవత్సరము నేను తరగతిలో ఉష్ణప్రసారమును గూర్చి పాఠము చెబుతూ ఉండగా ఒక విద్యార్థి లేచి ఇట్లా అడిగినాడు: "సార్, మా అన్నయ్య సైన్యంలో డ్రైవరు. ఇప్పుడు లడఖ్‌లో ఉన్నాడు. చలికాలం పొద్దున్నే బండి స్టార్టు చేసే ముందు అరగంట సేపు ఇంజనును వేడి చేయాలట. దానికి బండిలోనే చిన్న మంట పెట్టె ఒకటి ఉందట, టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుందట. ఇంజనే ఒక మంట పెట్టె కదా సార్, దాన్ని వేడి చేయడానికి ఇంకో మంట ఎందుకు?"

తరగతి అంతా నవ్వినది. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. దానికి సమాధానము నూరేండ్లకు పైబడిన కథ. ఆ మంట పెట్టెలోని ఒక్కొక్క భాగము ఒకప్పుడు ఒక మనిషి తన చేతితోనో, కంటితోనో చేసిన పనిని నేడు తాను చేస్తున్నది. ఆ మనిషి ఎవరో, మంచులో నిలబడి అతడు ఏమి చేసేవాడో తెలిసికొంటే యంత్రము దానంతట అదే అర్థమవుతుంది.

నీటి మేలు, నీటి కీడు

1886 జనవరి 29వ తేదీన జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోరినాడు. ఆ మూడు చక్రముల బండిలోనే సిలిండరు చుట్టూ నీరు ఉన్నది. ఇంజనులో కాలిన ఇంధనము ఇచ్చే వేడిమిలో స్థూలముగా మూడవ వంతు మాత్రమే బండిని నడిపే పనికి వస్తుంది. మరియొక మూడవ వంతు పొగగొట్టము ద్వారా బయటికి పోతుంది. మిగిలినది సిలిండరు గోడలకు, అక్కడినుండి వాటి చుట్టూ ఉన్న నీటికి చేరుతుంది. ఈ వేడిమిని తొలగించకపోతే ఇంజను ఆయిలు మాడిపోతుంది. పిస్టను సిలిండరులో బిగుసుకొనిపోతుంది. వేడిమిని మోసికొనిపోవడానికి నీటిని మించిన పదార్థము అంత చవకగా మరొకటి దొరకదు. ఒక కిలోగ్రాము ఇనుమును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణమునకు సుమారు తొమ్మిది రెట్లు ఉష్ణమును ఒక కిలోగ్రాము నీరు తనలో ఇముడ్చుకొంటుంది.

ఇది నీటి మేలు. కీడు చలిదేశములలో బయటపడినది. సాధారణముగా పదార్థములు చల్లారి గట్టిపడేటప్పుడు కుంచించుకొంటాయి. నీరు అట్లా కాదు. గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతము ఉబ్బుతుంది. పోత ఇనుముతో చేసిన ఇంజను దిమ్మెలోని సన్నని కాలువలలో నీరు గడ్డకట్టితే దానికి ఉబ్బడానికి చోటు ఉండదు. అప్పుడు దిమ్మెయే పగులుతుంది. రాత్రి బాగున్న బండి ఉదయమునకు పనికిరాని ఇనుప ముద్ద అవుతుంది. అందుచేత ఆ దేశములలో డ్రైవర్లు సాయంకాలము పని ముగియగానే రేడియేటరు అడుగున ఉన్న కుళాయి త్రిప్పి నీరంతా వదలివేసేవారు. మరునాడు ఉదయము పొయ్యి మీద నీరు కాచి తెచ్చి పోసేవారు. మొదటి బిందె వేడినీరు చల్లని ఇనుము తగలగానే చల్లారిపోయేది. దానిని వదలి మరల పోసేవారు. ఇంజనుకు చలి కాచిన మొదటి పద్ధతి ఇదే.

నీటితో మరొక ద్రవమును కలిపితే అది గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుందని రసాయన శాస్త్రము చెబుతుంది. మొదట సారాయి జాతి ద్రవములను కలిపేవారు. ఇంజను వేడెక్కగానే అవి ఆవిరియై పోయేవి. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ 19వ శతాబ్ది నడుమ తయారు చేసిన ఇథిలీన్ గ్లైకాలుకు ఆ దోషము లేదు. అది 1927 నుండి అమెరికాలో రేడియేటరులో పోసే ద్రవముగా అమ్మకానికి వచ్చినది. నీరు, గ్లైకాలు సమభాగములుగా కలిపితే ఆ మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. నేడు మన మెకానికులు కూలెంటు అని పిలిచేది ఇదే.

దీనితో ఇంజను పగలడము ఆగినది. కాని పగలని ఇంజను పలుకుతుందని ఏమున్నది?

ఇంజను ఎందుకు పలుకదు?

తీవ్రమైన చలిలో ఇంజనుకు మూడు వైపుల నుండి కష్టము వస్తుంది. మొదటిది ఆయిలు. మన ఇండ్లలో శీతకాలము కొబ్బరినూనె సీసాలో పేరుకొనిపోవడము అందరూ చూచినదే. ఇంజను ఆయిలు అట్లా పేరుకొనకపోయినా బంకవలె చిక్కబడుతుంది. దానిలో ఇరుసును త్రిప్పడానికి మామూలుకన్న ఎన్నో రెట్లు బలము కావాలి. రెండవది బ్యాటరీ. సీసపు బ్యాటరీలోని రసాయన చర్య చలిలో మందగిస్తుంది. సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద దాని బలము సుమారు సగమునకు పడిపోతుంది. అనగా ఎక్కువ బలము కావలసిన వేళకే ఉన్న బలము తగ్గిపోతున్నది.

మూడవది ఇంధనము. పెట్రోలు ఆవిరియైతేనే అంటుకొంటుంది. చలిలో అది సరిగా ఆవిరి కాదు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వయే లేదు. సిలిండరులోని గాలిని పదునారవ వంతుకో ఇరువదవ వంతుకో నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలో చిమ్మిన డీజిలు దానంతట అదే అంటుకొంటుంది. సైకిలు పంపు అడుగు వేడెక్కే కారణమే దీనికీ కారణము. కాని సిలిండరు గోడలు మంచువలె ఉంటే, నొక్కిన గాలిలోని వేడిమిని అవి క్షణములో పీల్చివేస్తాయి. పైగా డీజిలులో కరిగి ఉన్న మైనము చలిలో విడివడి, వడపోత గుడ్డను మూసివేస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రము గమనించాలి. నడుస్తున్న ఇంజను తనకు అక్కరలేని వేడిమిని గంపలతో పారబోస్తుంది. నడవడము మొదలుపెట్టడానికి మాత్రము ఆ వేడిమిలో ఒక దోసెడు ముందుగా కావాలి. నిన్న పారబోసిన దానిని నేటికి దాచుకొనలేదు. కనుక ఆ దోసెడు వేడిమిని ఎవరో బయటినుండి తెచ్చి ఇవ్వవలసినదే.

మాస్కో ముంగిట

ఈ దోసెడు వేడిమి ఎంత విలువైనదో 1941 శీతకాలము ప్రపంచమునకు చూపినది. ఆ సంవత్సరము జూన్ 22న సోవియట్ దేశము మీద దండెత్తిన జర్మను సైన్యములు చలి ముదిరే నాటికి మాస్కో దాపునకు చేరినవి. యుద్ధము శీతకాలమునకు ముందే ముగుస్తుందని నమ్మి బయలుదేరిన సైన్యమది. నవంబరులో చలి ముదిరినది. డిసెంబరులో కొన్ని దినములు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 30 డిగ్రీల క్రిందికి దిగినది. సైనికులకు ఉన్ని దుస్తులు లేవు. ట్యాంకులకు గ్లైకాలు చాలినంత లేదు. ట్యాంకు దళముల నాయకుడు గుడేరియన్ తరువాత వ్రాసిన స్మృతులలో ఈ సంగతులు పేర్కొన్నాడు. ట్యాంకు ఇంజను పలకాలంటే ముందుగా దాని అడుగున మంట వేయవలసి వచ్చేదట. ఒక్కొక్కప్పుడు ఇంధనమే గడ్డకట్టేదట.

పెట్రోలు నిండిన వాహనము క్రింద బహిరంగముగా మంట వేయడము ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఎక్కడ ఎంత వేడి తగులుతున్నదో తెలియదు. ఒక మూల మాడుతుంది, మరొక మూల మంచుగానే ఉంటుంది. రాత్రి మంట వేస్తే శత్రువుకు జాడ తెలుస్తుంది. వేయకపోతే తెల్లవారి ట్యాంకు కదలదు. కదలని ట్యాంకులోని మనుష్యుల గతి ఏమిటో ఊహించుకొనవచ్చును. జర్మనుల ఓటమికి కారణములు అనేకములు. చలి ఒక్కటే కారణమనడము సరికాదు. ఆ చలి సోవియట్ సైనికులకు కూడ చలియే. కాని ఇంజనును వేడి చేయడము యుద్ధములో ఒక ముఖ్యమైన సమస్య అని ఆ శీతకాలము తేల్చి చెప్పినది.

మరుసటి సంవత్సరము నుండి జర్మను ట్యాంకులలో క్రొత్త ఏర్పాట్లు కనిపిస్తాయి. మూడవ, నాలుగవ తరహా పాంజరు ట్యాంకులకు, నడుస్తున్న ఒక ట్యాంకులోని వేడి నీటిని గొట్టముల ద్వారా చల్లబడిన మరొక ట్యాంకుకు పంపే ఏర్పాటు అమర్చినారు. పొయ్యి రాజేయడానికి ప్రక్కింటి నుండి నిప్పు తెచ్చుకొనే మన పాత అలవాటు వంటిదే ఇది. యుద్ధము చివరి సంవత్సరములలో పాంథరు ట్యాంకులకు నీటి గొట్టము క్రింద బ్లోల్యాంపు ఒకటి ఉంచి వెలిగించే వీలు కల్పించినారు. ఈ బ్లోల్యాంపుతోనే మన కథ అసలు మలుపు తిరుగుతుంది.

పంపు స్టవ్వు జ్ఞాతి

బ్లోల్యాంపు అంటే సీసము కరిగించే పనివారు, లోహపు అతుకులు వేసేవారు వాడే దీపము. పీడనముతో పెట్రోలునో కిరసనాయిలునో ఆవిరిగా మార్చి, నీలి మంటగా ఊదే సాధనమది. స్వీడన్ దేశస్థుడు నీబర్గ్ 1880వ దశాబ్దిలో దీనిని తయారు చేసి అమ్మినాడు. అదే దేశములో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో ఇదే సూత్రముతో ప్రైమస్ స్టవ్వును చేసినాడు. మన తల్లులు, అమ్మమ్మలు వంటింటిలో వాడిన ఇత్తడి పంపు స్టవ్వు దాని సంతతియే.

పంపు స్టవ్వు వెలిగించడము గుర్తున్నవారికి ఇక ముందు చెప్పబోయేది సులభము. మొదట గిన్నెలో కొంచెము స్పిరిటు పోసి అంటించి, పైగొట్టమును వేడి చేయాలి. ఆ గొట్టము కాగిన తరువాత పంపు కొట్టాలి. కిరసనాయిలు వేడి గొట్టములో ఆవిరియై, సన్నని రంధ్రము నుండి చిమ్ముకొని వచ్చి, గాలితో కలిసి నీలిమంటగా మండుతుంది. గొట్టము చాలినంత కాగకముందే తొందరపడి పంపు కొట్టితే ఆవిరికి బదులు నూనె చిమ్ముతుంది. పసుపు పచ్చని మంట ఎగసి వంటిల్లంతా మసి అవుతుంది. ఇంధనము ముందు ఆవిరి కావాలి, తరువాత గాలితో కలవాలి, ఆ పిమ్మటనే మండాలి. ఈ వరుస తప్పితే మంట చెడుతుంది.

1946లో గోర్కీ నగరములో తయారీ మొదలైన సోవియట్ లారీ గాజ్-51కు ఇంజను ప్రక్కనే చిన్న బాయిలరు ఒకటి ఉండేది. చలి ఉదయమున డ్రైవరు బ్లోల్యాంపు వెలిగించి ఆ బాయిలరు గొట్టములో దూర్చి పెట్టేవాడు. బాయిలరులోని నీరు వేడెక్కి తేలికపడి పైకి పోయి ఇంజను దిమ్మెలో ప్రవేశించేది. అక్కడి చల్లని నీరు బరువుచేత క్రిందికి దిగి బాయిలరులోకి వచ్చేది. పంపు ఏదీ లేకుండానే నీరు తిరుగుతూ ఉండేది. పాఠ్యపుస్తకములలో సంవహనము అని మనము చదువుకొనేది ఇదే.

ఇక్కడ ఆ డ్రైవరును కొంచెము పరికించి చూడాలి. అతడు చేతితో పంపు కొట్టి ఇంధనము అందిస్తున్నాడు. అగ్గిపుల్లతో అంటిస్తున్నాడు. మంట నీలముగా ఉన్నదా, పచ్చగా ఉన్నదా అని కంటితో కనిపెట్టి చూస్తున్నాడు. గాలికి ఆరిపోతే మరల వెలిగిస్తున్నాడు. ఇంజనును చేతితో తడిమి వేడెక్కినదో లేదో తెలిసికొంటున్నాడు. చాలుననిపించినప్పుడు ఆర్పుతున్నాడు. ఇదంతా మంచులో మోకరిల్లి చేస్తున్నాడు. ఒక్క నిమిషము ప్రక్కకు పోతే ప్రమాదము. తరువాతి ఇరువది ముప్పది సంవత్సరములలో ఇంజనీర్లు చేసిన పని అంతా ఈ డ్రైవరుకు బదులుగా ఒక్కొక్క చిన్న భాగమును పెట్టడమే.

మనిషికి వెచ్చదనము, ఇంజనుకు వెచ్చదనము

ఇంతలో అమెరికాలో మరొక దారిలో కొంత ప్రయత్నము జరిగినది. అక్కడ సమస్య ఇంజనుది కాదు, లోపల కూర్చున్నవారిది. 1930వ దశాబ్ది చివర స్టూవర్టు వార్నరు అనే సంస్థ సౌత్ విండ్ అనే పేరుతో పెట్రోలుతో మండే హీటరును అమ్మకానికి తెచ్చినది. కార్బురేటరు నుండి కొద్దిగా పెట్రోలు తీసికొని, మూసిన పేటికలో విద్యుత్తీగతో అంటించి, ఆ వేడితో కారులోని గాలిని వెచ్చబరచేది. ఇంజను నీరు వేడెక్కే వరకు ఆగనక్కరలేదు. కాని గాలిని లోపలికి, పొగను బయటికి లాగడానికి అది ఇంజను పీల్పునే వాడుకొనేది. కనుక ఇంజను నడిస్తేనే అది పని చేసేది. ఇంజనును లేపడానికి అది పనికిరాదు.

గాలితో చల్లబడే ఇంజనుల కార్లలో అసలు వేడి నీరే ఉండదు. అట్టి కార్లకు ఈ హీటర్లు అక్కరకు వచ్చినవి. అమెరికాలో 1960 నాటి కార్వేరు కారుకు పెట్రోలు హీటరు అమర్చుకొనే వీలుండేది. 1968లో వచ్చిన ఫోక్స్‌వాగన్ 411 కారుకు పెట్రోలు హీటరు బండితో పాటే వచ్చేది.

ఈ రెండు దారులు కలిసిన చోటే నేటి కూలెంటు హీటరు పుట్టినది. అది కూలెంటును వేడి చేస్తుంది. ఆ కూలెంటు ఇంజను దిమ్మెలోనూ తిరుగుతుంది, లోపలి మనుష్యులకు వెచ్చగాలి ఇచ్చే చిన్న రేడియేటరులోనూ తిరుగుతుంది. ఒకే మంటతో రెండు పనులు జరుగుతాయి. ఈ హీటర్లకు పేరుపొందిన రెండు జర్మను సంస్థలూ ఎస్‌లింగెన్ అనే ఒకే ఊరిలో పుట్టినవి కావడము విశేషము. ఎబర్‌స్పేఖర్ సంస్థ 1865లో, వెబాస్టో సంస్థ 1901లో అక్కడ ప్రారంభమైనవి. సోవియట్ దేశములోనూ బ్లోల్యాంపు క్రమముగా తొలగిపోయినది. 1976లో ఉత్పత్తి మొదలైన కామాజ్ లారీలకు బండి డీజిలుతోనే మండే ప్రారంభ హీటరు వచ్చినది. దాని శక్తి సుమారు 30 కిలోవాట్లు.

పెట్టెలో ఏమున్నది?

ఇప్పుడు పెట్టె మూత తీసి చూద్దాము. కార్లకు, చిన్న లారీలకు అమర్చే హీటరు రెండు ఇటుకలు పేర్చినంత ఉంటుంది. దాని శక్తి సుమారు 5 కిలోవాట్లు. మన డ్రైవరు చేసిన ఒక్కొక్క పనిని తలచుకొంటూ భాగములను చూస్తే ఏ చిక్కూ ఉండదు.

పంపు కొట్టిన చేతికి బదులుగా ఇంధనపు పంపు ఉన్నది. అందులో తీగచుట్ట ఒకటి, దాని నడుమ చిన్న ఇనుప ముషలకము ఒకటి ఉంటాయి. చుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడల్లా ముషలకము కదలి ఒక మిల్లీలీటరులో కొన్ని వందవ వంతుల ఇంధనమును ముందుకు నెట్టుతుంది. విద్యుత్తు ఆగగానే వెనుకకు వస్తుంది. ఒక్కొక్క దెబ్బకు ఎంత ఇంధనము పోవాలో మారదు. మంట పెంచాలంటే దెబ్బలు త్వరత్వరగా, తగ్గించాలంటే నిదానముగా పడతాయి. మా విద్యార్థి అన్నయ్య వినే టిక్కు టిక్కు ఈ పంపు చప్పుడే.

అగ్గిపుల్లకు, స్పిరిటు గిన్నెకు బదులుగా గ్లో ప్లగ్గు ఉన్నది. విద్యుత్తుతో అది ఎఱ్ఱగా కాగుతుంది. దాని దాపున లోహపు నూలుతో అల్లినట్లున్న ఒక మెత్త ఉంటుంది. వచ్చిన డీజిలు ఆ మెత్త అంతటా పాకి, వేడికి ఆవిరి అవుతుంది. పంపు స్టవ్వు పైగొట్టము చేసే పని ఇదే. ఒకసారి మంట నిలదొక్కుకొంటే ఆ మంట వేడికే మెత్తలోని డీజిలు ఆవిరి అవుతూ ఉంటుంది. అప్పుడు ప్లగ్గుకు విద్యుత్తు ఆగిపోతుంది.

బయటి గాలికి బదులుగా చిన్న విద్యుత్ పంకా ఉన్నది. ఒక కిలోగ్రాము డీజిలు పూర్తిగా మండడానికి సుమారు 14 కిలోగ్రాములకు పైగా గాలి కావాలి. గాలి చాలకపోతే మసి పడుతుంది. మరీ ఎక్కువైతే మంట చల్లబడి ఆరిపోతుంది. కనుక పంకా వేగము, పంపు దెబ్బల వేగము ఒకదానికొకటి సరిపోవాలి. ఈ గాలి బండి బయటినుండి వస్తుంది. పొగ వేరే గొట్టము ద్వారా బయటికే పోతుంది. లోపల కూర్చున్నవారు పీల్చే గాలితో దీనికి ఎక్కడా సంబంధము ఉండదు.

బాయిలరుకు బదులుగా ఉష్ణవినిమయ పాత్ర ఉన్నది. అది అల్యూమినియముతో చేసిన రెండు గోడల పాత్ర. లోపలి గోడ మధ్య మంట మండుతుంది. రెండు గోడల నడుమ కూలెంటు పారుతుంది. మంట కొసవరకు పోయి, అడ్డుగోడ తగిలి వెనుకకు మళ్లి, లోపలి గోడ మీది పక్కటెముకల వంటి రేకులను ఒరసుకొంటూ బయటికి పోతుంది. ఆ రేకులు వేడి వాయువు తగిలే వైశాల్యమును పెంచుతాయి. మంటకు, కూలెంటుకు నడుమ ఎప్పుడూ గోడ ఉంటుంది, రెండూ కలియవు. నీటి దానంతట అది తిరిగే గుణమునకు తోడు చిన్న విద్యుత్ పంపు ఒకటి కూలెంటును త్రోస్తుంది. అందుచేత హీటరును ఇంజను కన్న దిగువనే అమర్చాలనే నిర్బంధము తగ్గినది.

కంటికి బదులుగా మంటను కనిపెట్టే సాధనము ఉన్నది. కొన్నింటిలో పొగ దారిలో ఉంచిన ఒక నిరోధకము వేడికి తన విద్యున్నిరోధమును మార్చుకొని మంట ఉన్నదని చెబుతుంది. కొన్నింటిలో విద్యుత్తు ఆగిపోయిన గ్లో ప్లగ్గే ఈ కాపలా కాస్తుంది. అంటించిన చేయియే కన్ను కూడ అయినదన్నమాట. తడిమి చూచే వ్రేళ్లకు బదులుగా కూలెంటు దారిలో ఉష్ణోగ్రత సాధనములు ఉన్నవి. కూలెంటు సుమారు 80 డిగ్రీలకు చేరగానే మంట తగ్గుతుంది. ఇంకను వేడెక్కితే మంట ఆగి, చల్లారిన తరువాత మరల వెలుగుతుంది. కూలెంటు లేకపోయినా, పంపు ఆగినా పాత్ర ప్రమాదకరముగా వేడెక్కుతుంది. అప్పుడు మరొక సాధనము ఇంధనమును పూర్తిగా ఆపివేస్తుంది.

వీటన్నింటికి తల వంటిది నియంత్రణ పేటిక. మీట నొక్కగానే అది మొదట పంకాను, నీటి పంపును తిప్పి, పాత ఆవిరి ఏదైనా ఉంటే బయటికి ఊదివేస్తుంది. ప్లగ్గును కాచుతుంది. ఆ తరువాతనే ఇంధనమును విడుస్తుంది. నిర్ణీత కాలములో మంట కనిపించకపోతే ఇంధనము ఆపి, గాలి ఊది, మరొకసారి ప్రయత్నిస్తుంది. అప్పటికీ వెలగకపోతే పని మానివేసి, లోపమును సూచిస్తుంది. ఆపమన్నప్పుడు కూడ వెంటనే అంతా ఆగదు. ఇంధనము మాత్రమే ఆగుతుంది. పంకా, నీటి పంపు మరి రెండు మూడు నిమిషములు తిరిగి, మిగిలిన ఆవిరిని, వేడిని వెళ్లగొడతాయి. పొయ్యి ఆర్పి, కట్టెలు విడదీసి, నిప్పు పూర్తిగా చల్లారేవరకు కూర్చుండే జాగ్రత్తగల ఇల్లాలి పని ఇది.

ఒక చిన్న లెక్క

ఇంతకూ ఈ దోసెడు వేడిమి ఎంత? 200 కిలోగ్రాముల ఇనుప ఇంజను, 10 లీటర్ల కూలెంటు ఉన్నవనుకొందాము. వాటిని సున్నకు దిగువ 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు, అనగా 60 డిగ్రీలు, వేడి చేయాలి. ఇనుమునకు సుమారు 5400 కిలోజౌలులు, కూలెంటుకు సుమారు 2100 కిలోజౌలులు, మొత్తము 7500 కిలోజౌలులు కావాలి. 5 కిలోవాట్ల హీటరు దీనిని 1500 సెకండ్లలో, అనగా 25 నిమిషములలో ఇవ్వగలదు. దారిలో గాలికి పోయేదానిని కలుపుకొంటే అరగంట పైచిలుకు. మా విద్యార్థి చెప్పిన అరగంట ఇదే.

ఒక లీటరు డీజిలు మండితే సుమారు 36,000 కిలోజౌలులు వస్తాయి. హీటరు అందులో 80 శాతమును కూలెంటుకు ఇవ్వగలిగితే 7500 కిలోజౌలులకు కావలసిన డీజిలు పావు లీటరుకు కొంచెము ఎక్కువ మాత్రమే. దీనికి బదులు, ఇంజను చల్లారిపోతుందనే భయముతో పెద్ద లారీని రాత్రంతా ఊరకే నడుపుతూ ఉంచితే గంటకు సుమారు 3 లీటర్ల డీజిలు ఖర్చు అవుతుంది. ఎనిమిది గంటలకు 24 లీటర్లు! చలిదేశములలో ఇది ఒకప్పుడు మామూలు అలవాటు. హీటరు ఎందుకు వ్యాపించినదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

లడఖ్ పరీక్ష

మన తెలుగు నేలమీద ఈ హీటరు అవసరము లేదు. లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్న దాపునకు దిగినా ఇంజను పలుకకపోయేంత చలి ఉండదు. కాని దేశము ఉత్తరపు కొసలో చలితోపాటు ఎత్తు కూడ ఉన్నది. లేహ్ పట్టణము సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పీడనము సముద్రతీరములో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. పంకా అదే వేగముతో తిరిగినా అందులో ఆమ్లజని మూడవ వంతు తక్కువ. ఇంధనమును మాత్రము క్రింది లెక్క ప్రకారమే పంపితే మంట పచ్చబడి, హీటరు మసితో పూడుకొనిపోతుంది. పంపు స్టవ్వు పాఠమే ఇక్కడ మరల వచ్చినది. అందుకే ఎత్తైన ప్రదేశములలో వాడే హీటర్లకు గాలి పీడనమును బట్టి పంపు దెబ్బలను తగ్గించే ఏర్పాటు ఉంటుంది.

హీటరు ఇంజనును వేడి చేసినా ట్యాంకులోని డీజిలు పేరుకొనిపోతే ప్రయోజనము లేదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ లడఖ్ కొరకు సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారే శీతకాలపు డీజిలును విడుదల చేసినది. అంతకు పూర్వము డీజిలు ట్యాంకుల క్రింద నిప్పు రాజేసే డ్రైవర్లు ఆ త్రోవలలో కనిపించేవారు. 1941 నాటి మంట మన దేశములో ఎంతో కాలము ఆరలేదన్నమాట.

ఒక్క హెచ్చరిక చెప్పక తప్పదు. ఎంత చక్కగా మచ్చిక చేసినా మంట మంటయే. గాలి చాలక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు; నెత్తురులో ఆమ్లజని చోటును అది ఆక్రమించి మనిషిని నిద్రలోనే చంపుతుంది. కనుక మూసిన షెడ్డులో ఈ హీటరును వెలిగించరాదు. పెట్రోలు బంకు వద్ద దానిని తప్పక ఆపాలి. పొగగొట్టము మంచుతోనో, మట్టితోనో మూసుకొనిపోకుండ చూచుకొనాలి. ఇంత వరకు ఆ పేటికకు నేర్పినా, దానిని ఏ చోట వెలిగించాలో చెప్పే బాధ్యత మనిషిదే.

విద్యుత్తుతో నడిచే బస్సులు వస్తున్న ఈ రోజులలో ఈ కుంపటికి కాలము చెల్లినదని అనుకొనవచ్చును. కాని విద్యుత్ మోటారు ఇంజనువలె వేడిమిని పారబోయదు. ప్రయాణికులను వెచ్చగా ఉంచాలంటే బ్యాటరీనే ఖర్చు పెట్టాలి. అందుచేత ఉత్తర ఐరోపాలోని కొన్ని విద్యుత్ బస్సులలో కూడ ఇంధనముతో మండే హీటరు చోటు చేసికొన్నది. పొగ వద్దనుకొన్న బండిలోనే పొగ పెట్టె! దానిని తొలగించే మార్గములను ఇంజనీర్లు వెదకుతూనే ఉన్నారు.

ఈ కథ అంతా చెప్పిన తరువాత మా విద్యార్థి కొంచెము సేపు ఆలోచించి, "అయితే సార్, మా అన్నయ్య చేయవలసిన పని ఆ పెట్టె చేస్తున్నదన్నమాట" అన్నాడు. అవును. ఆ పెట్టె లేని రోజులలో అతడు ఆ అరగంట గడ్డకట్టిన నేలమీద పడుకొని, ఇంధనపు ట్యాంకుకు బారెడు దూరములో, చేతిలో మంట పట్టుకొని ఉండవలసినవాడు. నేడు మీట నొక్కి, ఆ చప్పుడు వింటూ టీ త్రాగుతున్నాడు. ఆ టిక్కు టిక్కు చప్పుడులో ఉన్నది అంత మార్పు.